రాత్రి సైకిల్‌కు ముందు లైటు: వెలుగు ఎక్కడ పడాలి?

తిరుపతిలో పని ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నర దాటాక సైకిల్ మీద చంద్రగిరికి వెళ్తుంటాను. ఊళ్లో ఉన్నంతసేపూ లైటు సంగతి గుర్తుకే రాదు. వీధి దీపాలు, అంగళ్ల బోర్డులు, ఆటోల వెలుగు కలిసి రోడ్డంతా పట్టపగల్లా ఉంటుంది. తొండవాడ దగ్గర పడేకొద్దీ అసలు చీకటి మొదలవుతుంది. రెండేళ్ల కిందట ఒక రాత్రి, స్వర్ణముఖి మీది వంతెన దాటాక, రోడ్డుకు అడ్డంగా ఒక ఎనుము నిలబడి ఉంది. అప్పుడు నా సైకిల్‌కు ఉన్న లైటు డబ్బా మీద 1200 ల్యూమెన్లని రాసి ఉండేది. ముందు చక్రం ఎదుట రోడ్డు సున్నం కొట్టినట్టు తెల్లగా మెరిసిపోతోంది. ఆ తెల్లటి వలయానికి అవతల ఏముందో మాత్రం తెలియడం లేదు. ఎనుము తల తిప్పితే దాని కన్ను ఒక్కసారి తళుక్కుమంది. ఆ తళుకు చూసి బ్రేకు పట్టాను. దాని డొక్కకు జానెడు దూరంలో హ్యాండిల్ ఆగింది.

అంత వెలుగు ఉండి కూడా అంత పెద్ద జంతువు నాకెందుకు కనబడలేదు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సైకిల్ లైటు ఎంచుకోవడంలో ముప్పాతిక వంతు తెలిసిపోయినట్టే. మిగిలిన పాతిక వంతు బ్యాటరీ.

మొదట లైటు సంగతి పక్కన పెట్టి, ఆగడం గురించి ఆలోచిద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని కంటికి తగిలి, అది అడ్డమని మనసుకు తట్టి, వేళ్లు బ్రేకు మీదికి పోయేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఆలోగా ఎనిమిది మీటర్లు దాటిపోతాం. బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద ఇంకో నాలుగు మీటర్లు. మొత్తం 12 మీటర్లు. అదే పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగుతూ 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నారనుకోండి. బ్రేకు అందుకునేలోపే 17 మీటర్లు, బ్రేకు పట్టాక మరో 15. మొత్తం 32 మీటర్లు. వాన పడి రిమ్ములు తడిసి ఉంటే ఆ 15 కాస్తా 30 కావచ్చు.

వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగింతలవుతుంది. అందుకే ఏ లైటు కొనాలని ఎవరైనా అడిగితే నేను మొదట అడిగేది, మీరు ఎంత వేగంతో పోతారు, ఏ రోడ్డు మీద పోతారు అని. మామూలు సైకిల్ తొక్కేవాళ్లకు 20 మీటర్ల దూరం స్పష్టంగా కనబడితే చాలు. గేర్ల సైకిల్ మీద హైవే ఎక్కేవాళ్లకు, ఘాట్ దిగేవాళ్లకు 40, 50 మీటర్ల దాకా కనబడాలి. నా పాత లైటు వెలుగంతా ఐదారు మీటర్లలోనే కుమ్మరించేది. ఆ దూరంలో కనబడిన ఎనుము ముందు ఎవరూ ఆగలేరు.

ఇప్పుడు డబ్బా మీది అంకె సంగతి. ల్యూమెన్ అంటే దీపం నుంచి అన్ని వైపులకూ బయటకొచ్చే మొత్తం వెలుగు. మన జిల్లాలో మామిడి తోటలున్న వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మోటారు గంటకు ఎన్ని లీటర్లు తోడుతుందన్నది ల్యూమెన్ లెక్క. ఫలానా చెట్టు పాదులో ఎన్ని నీళ్లు పడ్డాయన్నది లక్స్ లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్స్. మోటారు ఎంత పెద్దదైనా నీళ్లు గట్టు మీద, దారి మీద పారిపోతే చెట్టుకు దక్కేదేమీ లేదు. లైటు కూడా అంతే. వెలుగులో సగం ఆకాశానికి, పావు భాగం పక్కనున్న పొదలకు పోతే రోడ్డుకు దక్కేది మిగతా పావే.

దూరం పెరిగేకొద్దీ లక్స్ ఎంత త్వరగా పడిపోతుందో కూడా చూడాలి. 10 మీటర్ల దగ్గర 40 లక్స్ ఉంటే, 20 మీటర్ల దగ్గర 20 ఉంటుందని అనుకుంటాం. ఉండేది 10. 40 మీటర్ల దగ్గరికి పోయేసరికి రెండున్నర. దూరం రెట్టింపైతే అదే వెలుగు నాలుగింతల మేర పరచుకుంటుంది కాబట్టి. రెండున్నర లక్స్ అంటే మరీ తక్కువేమీ కాదు. పున్నమి వెన్నెల పావు లక్స్ దాటడమే అరుదు. వెన్నెల్లో మనిషి కనబడతాడు కదా. మరి రెండున్నర లక్స్‌లో ఎనుము ఎందుకు కనబడదు?

కన్ను వల్ల. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటు చెడిపోవడానికి ఒక్క క్షణం చాలు. ముందు చక్రం దగ్గర రోడ్డు తెల్లగా మండిపోతుంటే కంటిపాప ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న పాపతో దూరంలోని మసక వెలుగును చూడాలంటే కుదరదు. మండువా ఇంట్లో నడుమ పడే ఎండను చూస్తూ మూల గదిలోకి తొంగిచూస్తే ఏమీ కనబడనట్టే ఇది కూడా. అంటే దగ్గర మరీ ఎక్కువ వెలుగు పడటం వల్ల మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. ఆ రాత్రి నన్ను గుడ్డివాణ్ణి చేసింది నా లైటే.

మంచి సైకిల్ లైటు చేసే పని దీనికి తిరగవేసి ఉంటుంది. దగ్గరి రోడ్డుకు కొంచెమే ఇస్తుంది, దూరపు రోడ్డుకు ఎక్కువ పంపుతుంది, మన కంటికి ఐదు మీటర్ల నుంచి ముప్పై మీటర్ల దాకా ఒకే తీరుగా కనబడేట్టు పరుస్తుంది. ఫోకస్ ఆకారం అని నేను అంటున్నది దీన్నే. రాత్రిపూట కారును గోడ ముందు ఆపి డిప్‌లో పెట్టి చూడండి. వెలుగు పై అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. అంచు కింద వెలుగు, పైన చీకటి. సైకిల్‌కు కూడా ఇలా పై అంచు కోసిన లైట్లు ఉన్నాయి. జర్మనీలో రోడ్డు మీద తిరగాలంటే సైకిల్ లైటు ఇలాగే ఉండాలని చట్టమే ఉంది. 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ పడాలి, ఎదుటివాళ్ల కళ్ల ఎత్తులోకి పోయేది 2 లక్స్ దాటకూడదు. ఆ పరీక్షలో నెగ్గిన లైటు మీద అలలాంటి గీత, దాని పక్కన కె అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఆ చట్టం మనకు లేకపోయినా ఆ గుర్తు మనకూ పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో ఫొటోను పెద్దది చేసి చూసుకోవచ్చు. వివరాల్లో ల్యూమెన్లకు బదులు లక్స్ అంకె ఇచ్చారంటే, వెలుగు ఎక్కడ పడాలో ఆలోచించి చేసిన లైటని అర్థం.

గుండ్రటి ఫోకస్ లైటు అసలు పనికిరాదా అంటే, వస్తుంది. మట్టిదారుల్లో, కొండ బాటల్లో తలకు తగిలే కొమ్మలు కూడా కనబడాలి. అక్కడ పైకి పోయే వెలుగు వృథా కాదు. రోడ్డు మీదికి వచ్చేసరికే చిక్కు.

ఆ చిక్కు మన ఊరి రోడ్ల మీద మరీ ఎక్కువ. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, వైకుంఠ ఏకాదశి ముందు రోజుల్లో, తమిళనాడు నుంచి, చిత్తూరు వైపు నుంచి పసుపు బట్టలు కట్టుకుని కాలినడకన తిరుమలకు వచ్చేవాళ్లు రాత్రంతా రోడ్డు అంచున నడుస్తూనే ఉంటారు. చాలామంది కాళ్లకు చెప్పులు ఉండవు. ఒకసారి అలాంటి గుంపులోని పెద్దావిడ నా లైటు కళ్లలో పడి, చేయి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకోబోయి తారు అంచు దిగింది. కింద కంకర. పాదం మడత పడింది. దిగి పట్టుకున్నాను. "ఏం కాలేదులే నాయనా, గోవిందా" అనుకుంటూ కుంటుతూనే సాగిపోయింది. ఎదురుగా వచ్చే లారీల హై బీమ్‌ను తిట్టుకుంటూ తొక్కే నేను, నడిచేవాళ్లకు నా సైకిల్ కూడా లారీయే అని ఆ రోజు దాకా అనుకోలేదు.

కాబట్టి పై అంచు కోసిన లైటు దొరికితే అదే కొనండి. దొరకకపోతే ఉన్న గుండ్రటి లైటును సరిగ్గా వంచి బిగించడం నేర్చుకోవాలి. అది చివర్లో చెబుతాను.

ఎత్తు గురించి కూడా ఒక మాట. నెత్తిన హెల్మెట్‌కు కట్టుకునే లైట్లు చూడముచ్చటగా ఉంటాయి, తల ఎటు తిప్పితే అటు వెలుగు. రోడ్డు మీద గుంతలు చూడటానికి మాత్రం అవి పనికిరావు. గుంత మనకు కనబడేది దాని నీడ వల్ల. దీపం కిందగా ఉంటే గుంత అంచు నీడ పొడవుగా పడి నల్లగా కనబడుతుంది. దీపం కంటి పక్కనే ఉంటే ఆ నీడ అంచు వెనకే దాగిపోతుంది, రోడ్డంతా చదునుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మంచులోనూ ఇదే బాధ. మదనపల్లె, పలమనేరు వైపు చలికాలం తెల్లవారుజామున తొక్కేవాళ్లకు తెలుసు, కంటికి దగ్గరున్న దీపం ముందర తెల్లటి తెర కట్టేస్తుంది. పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందని చాలామంది నమ్ముతారు. మంచు బిందువులు వెలుగు తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, అవి అన్ని రంగులనూ దాదాపు ఒకే తీరుగా చెదరగొడతాయి. అక్కడ రంగు కంటే ముఖ్యం దీపం కిందగా, చూపుకు దూరంగా ఉండటం. హ్యాండిల్ మీద సరే, ముందు ఫోర్కు పైన పెట్టగలిగితే ఇంకా మేలు.

ఇక బ్యాటరీ. అబద్ధాలు ఎక్కువగా ఆడేది ఇక్కడే. వాటిని పట్టుకోవడానికి కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

చాలా లైట్లలో ఉండేది 18650 అనే సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. మంచి కంపెనీ సెల్ అయితే సామర్థ్యం 3500 ఎంఏహెచ్ దాకా ఉంటుంది. వోల్టేజీ 3.6. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 12 వాట్ అవర్లు, అంటే ఒక వాటు దీపం 12 గంటలు వెలిగేంత శక్తి. ఎల్‌ఈడీ ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. మంచివి ఇంకాస్త ఎక్కువే ఇస్తాయి, అయినా అద్దాల్లో కొంత పోతుంది. అంటే 1000 ల్యూమెన్లు వెలగాలంటే 10 వాట్లు కావాలి, 12 వాట్ అవర్ల సెల్ గంటంపావు వస్తుంది. అదే సెల్ 300 ల్యూమెన్లకు నాలుగు గంటలు వస్తుంది. ఇప్పుడు ఏ డబ్బా అయినా చేతిలోకి తీసుకోండి. ఒకే సెల్‌తో 2000 ల్యూమెన్లు, ఆరు గంటలు అని రాసి ఉందా? 20 వాట్లు, ఆరు గంటలు, 120 వాట్ అవర్లు. పది సెల్స్ కావాలి. ఆ డబ్బాలో ఉన్నది ఒకటి.

నా పాత లైటు సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని ఉండేది. ఆ సైజులో అంత సామర్థ్యం ఉన్న సెల్ ఇప్పటిదాకా లేదని తెలిశాక దాన్ని తీసుకుని మా వీధి మూలనున్న కిరాణా అంగడికి పోయాను. అసలైన 18650 సెల్ 45 నుంచి 50 గ్రాముల మధ్య తూగుతుంది. "దీన్నెందుకు నాయనా తూకమేస్తా ఉండావు?" అంటూనే అంగడి అక్క పప్పు పొట్లం పక్కకు జరిపి తక్కెడ మీద పెట్టింది. 30 గ్రాములు. లోపల ఉండాల్సిన సరుకు మూడో వంతు లేదు. ఆ లైటు నిండా చార్జింగ్ చేసినా నలభై నిమిషాలకే ఎందుకు కునికేదో అప్పుడు తెలిసింది. ఇలాంటి సెల్స్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు పొంగినా, వేడెక్కినా ఆపే రక్షణ కూడా చాలా వాటిలో ఉండదు. రాత్రంతా మంచం పక్కన చార్జింగ్‌కు పెట్టి నిద్రపోకండి.

వెలుగు కొలవడానికి ఖరీదైన మీటర్లు అక్కర్లేదు. చాలా ఫోన్లలో వినికిడి రంధ్రం పక్కన వెలుగును పసిగట్టే సెన్సర్ ఉంటుంది, లక్స్ చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. మిద్దె మీద చీకట్లో 5 మీటర్ల దూరంలో ఫోన్ పెట్టి ఫోకస్ నడుమ వచ్చే అంకె రాసుకోండి. దాన్ని నాలుగుతో భాగిస్తే 10 మీటర్ల లక్స్. ఫోన్ అంకె ఖచ్చితంగా ఉండకపోవచ్చు, రెండు లైట్లను పక్కపక్కన పోల్చుకోవడానికి చక్కగా సరిపోతుంది. ఇంకో పరీక్ష కూడా చేయండి. వెలిగించిన వెంటనే ఒకసారి, అరగంట తరువాత ఒకసారి కొలవండి. మంచి లైటు లోపలి సర్క్యూట్ వెలుగును చాలాసేపు ఒకేలా నిలబెట్టి, చార్జింగ్ అడుగంటే ముందు తక్కువ వెలుగుకు దిగి ఇల్లు చేరుస్తుంది. నాసిరకంది మొదటి నిమిషం నుంచీ దిగజారుతూనే ఉంటుంది, కన్ను దాన్ని పసిగట్టలేదు. కొలిచేటప్పుడు ఫ్యాను గాలి తగలనివ్వండి. సైకిల్ కదులుతుంటే గాలికి లైటు చల్లబడుతుంది, కదలకుండా ఉంటే వేడెక్కి కొన్ని లైట్లు వాటంతట అవే వెలుగు తగ్గించుకుంటాయి.

ఎన్ని ల్యూమెన్లు కావాలో సూటిగా చెప్పమంటే నా లెక్క ఇది. ఊళ్లో, తిరుచానూరు రోడ్డు మీదో బాలాజీ కాలనీలోనో తిరిగేవాళ్లకు 100, 150 నిజమైన ల్యూమెన్లు చాలు. అక్కడ రోడ్డు ఎలాగూ కనబడుతుంది, మనం కనబడటమే ముఖ్యం. చీకటి రోడ్డుకు పై అంచు కోసిన లైటైతే 300 నుంచి 500. గుండ్రటిదైతే 600 నుంచి 800 కావాలి, ఎందుకంటే సగం వృథా అవుతుంది. ఘాట్ దిగేవాళ్లు అంతకంటే ఎక్కువ తీసుకోండి.

మన దగ్గర వాన కూడా లెక్కలోకి రావాలి. మిగతా రాష్ట్రంలో చాలాచోట్ల నైరుతి తగ్గాక ఊపిరి పీల్చుకుంటారు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఉంది, తుపాను పడితే రెండు మూడు రోజులు వదలదు. లైటు మీద ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులు చిమ్మినా తట్టుకుంటుంది. ఐపీఎక్స్6 అయితే ఉధృతమైన ధారను తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా ఏమీ కాదు. నవంబరులోనూ సైకిల్ వదలని వాళ్లు 6 కంటే తక్కువ చూడకండి. ఏ అంకె ఉన్నా చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత వదులైతే అంతా వృథా. కొనే ముందు ఆ మూతను నాలుగైదుసార్లు తీసి పెట్టి చూడండి. తడి రోడ్డు ఇంకో దెబ్బ కూడా కొడుతుంది. పొడి తారు వెలుగును కొంత మన వైపు తిప్పి పంపుతుంది. తడిస్తే అద్దంలా మారి వెలుగునంతా ముందుకే పంపేస్తుంది, మన కంటికి రోడ్డు నల్లగా మిగులుతుంది. నీళ్లు నిండిన గుంతకు నీడ కూడా ఉండదు. ఆ రాత్రుల్లో ఎంత లైటున్నా వేగం తగ్గించడం తప్ప దారి లేదు.

డైనమో గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మా నాన్న సైకిల్‌కు టైరుకు ఆనించే సీసాలాంటి డైనమో ఉండేది. జుయ్యిమంటూ తిరిగేది, ఆగితే దీపం ఆరిపోయేది, వానలో టైరు మీద జారిపోయేది. 6 వోల్టులు, 3 వాట్లు దాని శక్తి. అప్పట్లో అందులో ఎక్కువ భాగం బల్బు వేడికే పోయేది. అదే 3 వాట్లు ఇప్పటి ఎల్‌ఈడీకి ఇస్తే చీకటి రోడ్డుకు సరిపడా వెలుగు వస్తుంది. చక్రం నడిమి హబ్‌లోనే ఇమిడిపోయే డైనమోలు ఉన్నాయి, శబ్దం ఉండదు, వానకు జారదు, సైకిల్ ఆగినా లైటులోని కెపాసిటర్ దాచుకున్న కరెంటు వల్ల చిన్న వెలుగు కాసేపు నిలుస్తుంది. చార్జింగ్ మరిచిపోయామన్న మాటే ఉండదు. మన ఊళ్ల సైకిల్ షాపుల్లో అవి నాకెప్పుడూ కనబడలేదు, వేస్తే చక్రం మళ్లీ అల్లించాలి. రోజూ రాత్రి దూరం తొక్కేవాళ్లకు తప్ప నేను సిఫారసు చేయను.

మిణుకు మిణుకుమనే మోడ్ పగటికి బాగుంటుంది. చీకట్లో మాత్రం అది ఎంత దూరంలో ఉందో ఎదుటివాడికి అంచనా చిక్కదు. రాత్రి నిలకడగా వెలగనివ్వండి. వెనక ఎర్ర లైటు కూడా ఉండాలి, అది లేకుండా ముందు లైటుకు వేలు పోయొద్దు.

మా అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్ అన్నకు పాత నల్ల సైకిల్ ఉంది. రాత్రి డ్యూటీ మారాక ఒంటి గంటకు కరకంబాడి రోడ్డు మీదుగా ఇంటికి పోతాడు. అతనికి వేలు పోసి లైటు కొనమని చెప్పలేను. అతని దగ్గర ఉన్నది మామూలు బ్యాటరీ లైటు, చార్జింగ్‌ది. దాన్నే హ్యాండిల్‌కు తాడుతో కట్టుకునేవాడు. గుంతలో పడ్డప్పుడల్లా అది జారి ఆకాశం చూసేది. పాత సైకిళ్లకు హ్యాండిల్ కాండం ముందు, దీపం తగిలించడానికే ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దానికి తగ్గ క్లాంపు ఇనుప సామాన్ల అంగట్లో దొరికింది. లోపల పాత ట్యూబు ముక్క మెత్తగా చుట్టి బిగించాం. ఇక కదల్లేదు.

తరువాత సైకిల్‌ను కాంపౌండు గోడకు ఎదురుగా 5 మీటర్ల దూరంలో నిలబెట్టాం. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో ఒక గీత గీశాం. మీటరు ఎత్తు వచ్చింది. దానికి జానెడు కింద ఇంకో గీత. ఫోకస్ నడుమ ఆ కింది గీత మీద పడితే, రోడ్డు మీద సుమారు 20 మీటర్ల దగ్గర నేలకు తగులుతుంది. జానెడుకు బదులు మూర దించితే 10, 11 మీటర్లకే తగులుతుంది, నెమ్మదిగా పోయేవాళ్లకు, సందుల్లో తిరిగేవాళ్లకు అది సరిపోతుంది. పై అంచు కోసిన లైటైతే ఆ అంచును పై గీతకు నాలుగు వేళ్ల కింద పెట్టుకోవాలి. వాచ్‌మన్ అన్న లైటుది గుండ్రటి ఫోకస్ కాబట్టి జానెడుకు ఇంకో రెండు వేళ్లు కిందకు దించాం. నేను పోయి గోడ ముందు, ఎదురుగా నడిచొచ్చే మనిషిలా నిలబడ్డాను. వెలుగు ఛాతీ దాకా పడింది, కళ్లలో కొట్టలేదు.

ఆ సుద్ద గీతలు వానకు పోతే అన్న బొగ్గుతో మళ్లీ గీసుకున్నాడు. డ్యూటీ దిగాక గేటు తీసే ముందు, సైకిల్‌ను ఆ గోడ ముందు ఒకసారి నిలబెట్టి చూసుకుని బయలుదేరుతున్నాడు.